చూపు ఆగిన చోట సూది: ఒక మనిషి చూసిన నగరాన్ని బట్టపై కుట్టే విధానం

నగరాన్ని బట్టపై చూపాలనుకున్నవారు సాధారణంగా మేడలతో మొదలుపెడతారు. ఎత్తైన భవనాల వరుస, వాటి కింద రోడ్డు, రోడ్డుపై వాహనాలు, పైన ఆకాశం గీసుకొని, కిటికీలన్నింటినీ లెక్క తప్పకుండా కుడతారు. నేను కుట్టిన మొదటి నగర చిత్రం అచ్చంగా అలాంటిదే. నాలుగు నెలలు పట్టిన ఆ పనిలో ప్రతి కిటికీనీ ఒకే కొలతలో, ఒకే దారంతో, ఒకే శ్రద్ధతో కుట్టాను. పూర్తయ్యాక గోడకు తగిలించి దూరంగా నిలబడి చూస్తే అందులో నగరమైతే ఉంది గాని, దాన్ని చూసిన మనిషి ఎక్కడా లేడు. ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయే బొమ్మ అది. అప్పటి నుంచి ప్రతి పనిలోనూ ఒకే సూత్రాన్ని పట్టుకున్నాను: ఆ చోట ఒక మనిషి చూపు ఎటు తిరిగిందో, ఎక్కడ నిలిచిందో దాన్నే కుట్టాలి. చూపు ఆగిన చోట కుట్టు చిక్కబడాలి, చూపు జారిపోయిన చోట బట్ట ఖాళీగా మిగలాలి.

ఈ మార్గదర్శి ఆ సూత్రాన్ని చేతిపనిగా మార్చే క్రమాన్ని వివరిస్తుంది. సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉండే గోడ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. ఇంతకంటె చిన్నదైతే మనిషి బొమ్మకు చోటు చాలదు, పెద్దదైతే మొదటిసారి చేసేవారు మధ్యలో విసిగిపోయే ప్రమాదం ఉంది. గుడ్డ ముక్కలు అతకడం, చేతి కుట్టు అనే రెండు పద్ధతులు కలిసిన పని ఇది. బొత్తాం కుట్టడం, అంచు మడిచి కుట్టడం వచ్చినవారెవరైనా చేయగలరు.

దశ 1: చోటును ఎంచుకొని చూపును గమనించడం

నగరం మొత్తాన్ని ఒక్క బట్టలో ఇమిడ్చే ప్రయత్నం చేయకండి. మీరు రోజూ దాటే ఒక కూడలి, బస్సులో మీకు అలవాటైన కిటికీ, మేడపై నుంచి కనిపించే నాలుగు ఇళ్ళ కప్పులు, ఇలా ఒక్క చోటును తీసుకోండి. అక్కడికి వెళ్ళి ఇరవై నిమిషాలు నిలబడండి. మొదటిసారి కెమెరా బయటికి తీయవద్దు. కెమెరా తన ముందున్నదంతటినీ ఒకే తీరున పట్టుకుంటుంది, కన్ను అలా పట్టుకోదు. చేయి చాచి బొటనవేలిని ఎదురుగా నిలబెడితే ఆ వేలి వెడల్పు మన చూపులో ఇంచుమించు రెండు డిగ్రీలు ఉంటుంది. కంటిలో అన్నిటికంటె స్పష్టంగా చూడగలిగే నడిమి భాగపు పరిధి కూడా దాదాపు అంతే. దాని బయట ఉన్నదంతా అంతకంతకూ మసకబారుతుంది. కన్ను సెకనుకు రెండు మూడు సార్లు కదులుతూ బొటనవేలంత స్పష్టమైన ముక్కలను ఏరుకుంటూ పోతే, మెదడు వాటన్నిటినీ కలిపి ఒక నిండు వీధిగా మనకు చూపిస్తుంది. మీ కన్ను ఏరుకున్న ఆ ముక్కలేవో గుర్తుపట్టడమే ఈ దశలో చేయవలసిన పని.

ఒక చిన్న పుస్తకంలో కన్ను ఆగిన ప్రతిదాన్నీ ఆగిన వరుసలోనే రాసుకోండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "ఆగిన బస్సు కిటికీ కమ్మీని పట్టుకున్న నాలుగు వేళ్ళు. మూడో అంతస్తులో ఆరేసిన పసుపు దుప్పటి. మళ్ళీ వేళ్ళు. రోడ్డుపై ఎండిన నూనె మరక. ఎవరో గట్టిగా పిలిచారు, చూశాను, నన్ను కాదు. మళ్ళీ దుప్పటి." రెండు మూడు సార్లు తిరిగి వచ్చిన వస్తువుల కింద గీత గీయండి. చిత్రానికి అవే పట్టుకొమ్మలు. అక్కడున్న ఎత్తైన భవనం ఆ పేజీలో ఒక్కసారి కూడా రాకపోతే, అది చిత్రంలో ఉండవలసిన అవసరం లేదు.

ఇంటికి వచ్చాక, ఇంకా జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, ఆ చోటు పటాన్ని గుర్తున్నంత మేరకు కాగితంపై గీయండి. కొలతలు తప్పినా దిద్దవద్దు. నగర ప్రణాళికా శాస్త్రవేత్త కెవిన్ లించ్ బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజిలిస్ నగరాల్లో నివసించేవారిని ప్రశ్నించి, వారి చేత జ్ఞాపకం నుంచి పటాలు గీయించి, ఆ పరిశీలనలను 1960లో ప్రచురించాడు. మనుషుల మనసులో నగరం దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, గురుతులు అనే ఐదింటితో అల్లుకొని ఉంటుందని ఆయన తేల్చాడు. మీ పటంలో ఈ ఐదింటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో చూసుకోండి. నడిచి వెళ్ళేవారి పటంలో దారులు వంకరలతో సహా ఉంటాయి, ఎప్పుడూ బస్సులోనే వెళ్ళేవారి పటంలో ఆగే చోట్లు మాత్రమే ఉండి, మధ్య దూరం చెరిగిపోతుంది. ఆ చెరిగిపోయిన భాగం కూడా మీ చూపులో భాగమే కాబట్టి దాన్ని భద్రంగా ఉంచుకోండి, ఎనిమిదో దశలో దాని అవసరం పడుతుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఫొటోలు తీసుకోండి. భవనాల నిష్పత్తులు, తీగల వాలు, నీడ పడే దిక్కు సరిచూసుకోవడానికే అవి. చిత్రంలో ఏముండాలో నిర్ణయించవలసింది మీ పుస్తకంలోని పేజీ.

దశ 2: నమూనా గీయడం

పూర్తి కొలతలోనే కాగితంపై నమూనా గీయాలి. చిన్నదిగా గీసి తరువాత పెంచితే సూది పట్టని సన్నని వివరాలు మిగిలిపోతాయి. పని సగంలో ఉండగా వాటిని తీసివేయడం కష్టం.

ముందుగా తేల్చుకోవలసింది, చూసే మనిషి ఎక్కడ ఉన్నాడన్నది. వీధి మట్టం నుంచి చూస్తే గోడలు మీదికి ఒరుగుతాయి, ఆకాశం సన్నని పట్టీగా మిగులుతుంది. కిటికీలోంచి చూస్తే కిటికీ చట్రమే చిత్రానికి అంచవుతుంది, చూసేవారి చేయో గాజుపై వారి నీడో ముందుభాగంలో ఉండవచ్చు. మేడపై నుంచి చూస్తే నగరం పాదాల కింద పరుచుకొని ఉంటుంది. అమెరికా చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1988లో చేసిన 'టార్ బీచ్' అనే బొంత చిత్రం ఈ విషయంలో గొప్ప పాఠం. న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ పేటలో ఒక మేడ కప్పు మీద వేసవి రాత్రి కుటుంబమంతా చేరి ఉంటుంది, పిల్లలు పరుపు మీద పడుకొని పైకి చూస్తుంటారు, ఆ పడుకున్న ఎనిమిదేళ్ళ పాపే వెనుక వెలుగుతున్న జార్జ్ వాషింగ్టన్ వంతెన పైన ఎగురుతూ కూడా కనిపిస్తుంది. పాప శరీరం ఉన్న చోటు, ఆమె మనసు ఉన్న చోటు రెండూ ఒకే చిత్రంలో ఉన్నాయి. పైనా కిందా పట్టీలపై పాప మాటల్లోనే రాసిన కథ, చుట్టూ గుడ్డముక్కల అంచు ఉంటాయి. వంతెన ఎంత పెద్దదో ఆ చిత్రంలో కొలిచి చెప్పలేము, కాని పాపకు అది ఎంత ముఖ్యమో చూడగానే తెలుస్తుంది.

అందుచేత ఒకే దృక్కోణాన్ని కచ్చితంగా పాటించాలన్న నియమాన్ని మీపై పెట్టుకోవద్దు. రోడ్డును పై నుంచి చూసినట్లు, ఇళ్ళను ఎదురుగా చూసినట్లు, మనిషిని దగ్గరగా చూసినట్లు ఒకే బట్టపై కుట్టవచ్చు. చిలీలో 1973 సైనిక తిరుగుబాటు తరువాత శాంటియాగో నగరపు స్త్రీలు గోనెపట్టపై గుడ్డముక్కలు అతికి కుట్టిన ఆర్పియెరా చిత్రాలలో ఈ పద్ధతే కనిపిస్తుంది. పైన వరుసగా ఆండీస్ కొండలు, తరచు ఒక సూర్యుడు, కింద పేటలోని ఇళ్ళు, వాటి ముందు గుడ్డతో చేసి నిలబెట్టిన చిన్న మనుషుల బొమ్మలు ఉంటాయి. దూరాన్ని గణితంతో కొలిచి చూపకపోయినా, ఆ వీధిలో ఏం జరిగిందో, ఎవరు కనిపించకుండా పోయారో అవి చూపగలిగాయి. తప్పిపోయినవారి బట్టల నుంచే కత్తిరించిన ముక్కలు కొన్ని చిత్రాలలో ఉన్నాయి. బట్టతో చేసే పనికి మాత్రమే ఉన్న బలం అది, కాగితానికీ రంగుకూ లేదు.

కొలతల విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. పుస్తకంలో గీత గీసిన వస్తువును నిజ నిష్పత్తి కంటె ఒకటిన్నర నుంచి రెండింతలు పెంచి గీస్తాను. ఒక్కసారి మాత్రమే చూసినదాన్ని నిజ నిష్పత్తిలో ఉంచుతాను, ఫొటోలో మాత్రమే ఉన్నదాన్ని వదిలేస్తాను. కమ్మీని పట్టుకున్న నాలుగు వేళ్ళు బస్సు చక్రమంత పెద్దవైనా ఫరవాలేదు. చూసేవారు దాన్ని తప్పుగా భావించరు, ఎందుకంటే తాము చూసేదీ అలాగే.

దశ 3: సామగ్రి

అడుగు బట్టగా మధ్యరకం మందం గల, సాదా నేతలో ఉన్న నూలు లేదా నార బట్టను తీసుకోండి. సాగే బట్ట పనికిరాదు. నాలుగు వైపులా కనీసం 8 సెంటీమీటర్లు అదనంగా ఉంచి కత్తిరించి, ఒకసారి నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. అడుగు బట్ట ముందే కుదించుకోకపోతే చివరికి తడిపినప్పుడు అది ముడుచుకొని, మీరు వేసిన కుట్లన్నీ ఉబ్బి కనిపిస్తాయి. అతికే ముక్కలకూ ఇదే నియమం. ముదురు ఎరుపు, నీలం ముక్కలను తెల్లగుడ్డపై తడిగా ఒత్తి రంగు దిగుతోందేమో చూడండి. దిగితే వాడవద్దు.

గుడ్డముక్కలను కొత్తగా కొనడం కంటె వాడిన బట్టల నుంచి తీసుకోవడం మంచిది. ఉతికి ఉతికి వెలిసిన చొక్కా గుడ్డలో ఎండకు వెలిసిన గోడ రంగు సహజంగానే ఉంటుంది, సన్నచారల గుడ్డ షట్టరుగా, గళ్ళ గుడ్డ దూరపు భవనపు కిటికీలుగా పనికివస్తాయి. ఆ రోజు ఆ కూడలిలో నిలబడినప్పుడు మీరు తొడుక్కున్న చొక్కా పాతబడితే దాన్నుంచి ఒక ముక్క తీసి చిత్రంలో పెట్టండి. ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఎంబ్రాయిడరీ నూలు దారం లచ్చి ఆరు పోగులుగా ఉంటుంది, వాటిని విడదీసి ఎన్ని పోగులు కావాలో అన్నే వాడుకోవచ్చు. ఈ పని మొత్తానికి ఆ పోగుల లెక్కే కీలకం. ఒక మూర పొడవు, అంటే 45 సెంటీమీటర్లకు మించి దారం తీసుకోవద్దు, పొడవెక్కువైతే బట్టలోంచి దూరి దూరి నలిగి మెరుపు పోతుంది. పోగులను ఒక్కొక్కటిగా లాగి, తిరిగి జతచేసి సూదిలోకి ఎక్కిస్తే అవి మెలిపడకుండా పక్కపక్కనే పరుచుకుంటాయి. సూదులలో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఒకటి రెండు పోగులకు 9 లేదా 10, మూడు నాలుగు పోగులకు 6 లేదా 7 నెంబరు ఎంబ్రాయిడరీ సూదులు సరిపోతాయి. వీటితో పాటు గుండ్రటి ఫ్రేము, చిన్న పదునైన కత్తెర, గుండుసూదులు, పలుచని ఆర్గంజా గుడ్డ ఒక ముక్క ఉంటే చాలు. పని ముగించిన ప్రతిసారీ ఫ్రేమును విప్పేయండి, బిగించి రోజుల తరబడి వదిలేస్తే గుండ్రటి మచ్చ పడి ఇస్త్రీకి కూడా లొంగదు.

దశ 4: రంగులు, అవి పక్కపక్కన చేరినప్పుడు జరిగేది

1824లో ఫ్రాన్సులోని గోబెలిన్ నేతశాలలో రంగుల అద్దకం విభాగానికి అధిపతిగా వచ్చిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రెల్ ముందుకు ఒక ఫిర్యాదు వచ్చింది. నీలం, ఊదా రంగుల వస్త్రాల మడతల్లో నీడ కోసం వాడే నల్ల ఉన్నిలో బలం లేదని నేతగాళ్ళ ఆరోపణ. ఆయన ఇతర చోట్ల అద్దిన నల్ల ఉన్నితో పోల్చి చూస్తే తేడా కనిపించలేదు. లోపం అద్దకంలో లేదని, పక్కనున్న నీలం, ఊదా వల్లనే కంటికి నలుపు పలుచబడి కనిపిస్తోందని ఆయన గుర్తించాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపే తీరుపై ఆయన సుదీర్ఘ పరిశోధన 1839లో అచ్చయింది. దారంతో పనిచేసే ప్రతివారూ ఈ సంగతిని రోజూ ఎదుర్కొంటారు. లచ్చిగా చేతిలో ఉన్నప్పటి రంగు బట్టపైకి వచ్చాక అదే రంగుగా ఉండదు.

కాబట్టి దారాన్ని లచ్చిగా చూసి ఎంచుకోవద్దు. ఒక పోగు తీసి, అది చేరబోయే గుడ్డముక్కపైనే పరిచి, రెండు మీటర్ల దూరం నుంచి చూసి నిర్ణయించండి. రాత్రి నీడలకు నలుపు దారం వాడటం నేను మానేశాను. ముదురు నీలం, ముదురు గోధుమ పోగులను ఒక్కొక్కటి చొప్పున ఒకే సూదిలో కలిపి కుడితే వచ్చే చీకటిలో లోతు ఉంటుంది, నలుపులో రంధ్రం మాత్రమే కనిపిస్తుంది. ఒకే సూదిలో రెండు రంగుల పోగులు కలిపే ఈ పద్ధతి పొగకూ, దుమ్ముకూ, సాయంకాలపు ఆకాశానికీ కూడా బాగా నప్పుతుంది.

వీధి దీపాల వెలుగు విషయంలో పారిస్‌లో పనిచేసిన చిత్రకారిణి సోనియా డెలోనే పని గుర్తుచేసుకోవాలి. 1911లో ఆమె పసికందైన తన కొడుకు కోసం గుడ్డముక్కలు కలిపి ఒక బొంత కుట్టింది. రంగు ముక్కలను పక్కపక్కన నిలిపి వాటి తాకిడి నుంచే వెలుగునూ కదలికనూ పుట్టించే ఆమె పద్ధతికి ఆ బొంతే మొదలు. 1914 నాటికి పారిస్ వీధిలో కొత్తగా వెలిగిన విద్యుద్దీపాలను ఆమె పెద్ద చిత్రంగా వేసినప్పుడు కనిపించేది దీపస్తంభాలు కావు, దీపాల చుట్టూ విరిగి వలయాలైన రంగులు. మీ చిత్రంలో దీపం ఉంటే పసుపు చుక్క పెట్టి ఊరుకోకండి. లేత పసుపు నడుమ, దాని చుట్టూ నారింజ, దాని బయట ఊదా చేరిన నీలం వరుసగా కుట్టండి. పసుపును వెలిగించేది దాని బయటి ఊదాయే.

రంగులన్నీ ఎంచుకున్నాక ముక్కలను నమూనాపై పరిచి, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. అన్నీ ఒకే బూడిద రంగుగా కనిపిస్తే చిత్రం దూరానికి తేలిపోతుంది. చూపు ఆగిన వస్తువు దగ్గరే లేతకూ ముదురుకూ మధ్య తేడా అన్నిటికంటె ఎక్కువగా ఉండేలా ముక్కలను మార్చుకోండి.

దశ 5: గీతను బట్టపైకి తేవడం

నమూనా కాగితాన్ని వెలుతురు వచ్చే కిటికీ అద్దానికి అంటించి, దానిపై బట్టను బిగించి, కనిపించే గీతల వెంట నీళ్ళకు పోయే పెన్నుతో గీయడం సులువైన పద్ధతి. ఆ గీతలను ఇస్త్రీ పెట్టె తాకకూడదు. ఒకసారి తొందరపడి గీతల మీదుగా ఇస్త్రీ చేస్తే అవి గోధుమరంగుకు తిరిగి ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, వాటిని కప్పడానికి అక్కరలేని చోట గోడ కట్టవలసి వచ్చింది. వేడికి మాయమయ్యే పెన్నుల గీతలు గడ్డకట్టే చలిలో తిరిగి కనిపిస్తాయి. ముదురు బట్టపై సబ్బు ముక్క అంచుతో గీసుకుంటే ఏ బాధా ఉండదు. వస్తువుల చుట్టుకొలత గీతలు మాత్రమే బట్టపైకి తేండి, లోపలి వివరాలను నమూనా చూస్తూ నేరుగా కుట్టుకోవాలి.

దశ 6: గుడ్డముక్కలు అతకడం

దూరంగా ఉన్నదాన్ని ముందు, దగ్గరగా ఉన్నదాన్ని చివర అతకాలి. ఆకాశం, దూరపు గోడలు, దగ్గరి గోడలు, రోడ్డు, వాహనం, మనిషి అన్న వరుసలో ప్రతి ముక్కా ముందు ముక్క అంచును కప్పుతూ వస్తుంది. ముక్క పడుగు, అంటే నేతలో పొడవునా సాగే పోగుల దిశ, అడుగు బట్ట పడుగు దిశలోనే ఉండేలా చూసుకోండి, ఏటవాలుగా కత్తిరించిన ముక్క కుట్టేటప్పుడు సాగి ముడత పడుతుంది. గీత బయట అర సెంటీమీటరు వదిలి కత్తిరించి, ముందు పొడవాటి కచ్చా కుట్లతో నిలిపి, తరువాత సూది మొనతో ఆ అంచును కొద్దికొద్దిగా లోపలికి మడుస్తూ, మడతను ఆనుకొని కనిపించని చిన్న కుట్లతో కుట్టుకుంటూ పోవాలి. లోపలి మూలల దగ్గర మడతకు చిన్న గాటు పెట్టాలి, లేకపోతే మూల తిరగదు.

అన్ని అంచులనూ ఇలా మడవనక్కరలేదు. పెచ్చులూడిన గోడ, గాలికి రేగిన దుమ్ము, కదులుతున్న వాహనం వంటివాటికి అంచును మడవకుండా వదిలి, రెండు మూడు పోగులు లాగి, పైన చిన్న కుట్లతో నిలిపితే ఆ రేగిన అంచే చాలా చెబుతుంది. చూపు నిలిచిన వస్తువుకు మడిచిన పదునైన అంచు, చూపు దాటిపోయిన వస్తువుకు రేగిన అంచు అన్న భేదాన్ని పని మొత్తంలో పాటించండి.

అద్దాలకూ, వాన నీటిలో ప్రతిబింబాలకూ, పొగకూ ఆర్గంజా వాడాలి. బస్సు కిటికీ లోపలి మనిషిని ముందు కుట్టి, ఆపైన ఆర్గంజా పరిచి, అంచులు కుట్టి, అప్పుడు అద్దంపై పడిన బయటి వెలుగును ఆర్గంజా పైన రెండు తెల్లని పొడవు కుట్లతో చూపండి. లోపలి మనిషి, అద్దం, బయటి వీధి మూడూ మూడు పొరలుగా నిలుస్తాయి.

దశ 7: కుట్లతో వీధిని పలికించడం

ఈ పనికి ఏడెనిమిది కుట్లు చాలు. ప్రతి కుట్టుకూ ఒక స్వభావం ఉంటుంది, వీధిలోని దేనికి అది సరిపోతుందో తెలుసుకోవడమే అసలు విద్య.

గోడల అంచులకు, మెట్లకు, కమ్మీలకు బ్యాక్ స్టిచ్ (ప్రతి కుట్టూ వెనక్కి వచ్చి ముందు కుట్టు చివరను కలిసేది) వాడండి, అది గట్టిగా, నిటారుగా నిలుస్తుంది. మలుపులు తిరిగే దారికి, మనిషి వీపు వంపుకు, జుట్టుకు కాడ కుట్టు (ఒకదాని పక్కన ఒకటి కొంచెం ఒరుగుతూ తాడులా సాగే స్టెమ్ స్టిచ్) మేలు. గొలుసు కుట్టు మందంగా ఉండి ముందుకు పాకుతున్నట్లు కనిపిస్తుంది కాబట్టి, బారులు తీరిన వాహనాల వరుసకు దాన్ని మించినది లేదు. దూరానికి పోయేకొద్దీ గొలుసు కన్నులు చిన్నవి చేసి, నాలుగు పోగుల నుంచి ఒక పోగుకు దిగండి. షట్టరుకు, ఇనుప తలుపుకు శాటిన్ కుట్టు, అంటే సందు లేకుండా పక్కపక్కనే వేసిన పొడవు కుట్లు, లోహపు మెరుపునిస్తుంది.

కరెంటు తీగలు నగర చిత్రంలో చాలామంది పాడుచేసే భాగం. ఒకే పొడవు కుట్టుగా లాగితే తీగ బిగుసుకొని కర్రలాగా కనిపిస్తుంది, చిన్న కుట్లుగా వేస్తే తెగిన తీగలా ఉంటుంది. దీనికి కౌచింగ్ వాడాలి. ఒక మందపాటి దారాన్ని బట్టపై వదులుగా పరిచి, దాని సహజమైన వేలాడుడును వేలితో సరిచేసి, సన్నని మరో దారంతో సెంటీమీటరుకొక చిన్న అడ్డకుట్టు వేసి నిలిపితే, బరువుకు ఒరిగిన తీగ ఒరిగినట్లే ఉంటుంది. పెద్ద గోడను, ఖాళీ రోడ్డును నింపడానికి కూడా ఈ పద్ధతి విస్తరించి వాడుకోవచ్చు. పదకొండో శతాబ్దానికి చెందిన, దాదాపు 70 మీటర్ల పొడవైన, బేయూ వస్త్రం అని పిలిచే ఎంబ్రాయిడరీ బట్టలో విశాలమైన భాగాలను ఇలాగే నింపారు. ముందు ఉన్ని దారాలను పక్కపక్కన పరిచి, వాటికి అడ్డంగా ఎడం ఎడంగా మరికొన్ని దారాలు వేసి, వాటిని చిన్న కుట్లతో బట్టకు బిగించారు. దారం దాదాపు అంతా ముందువైపే ఉండటం వల్ల వృథా కాదు, బట్ట కూడా ముడుచుకోదు.

ఇక జనం. గుంపును కుట్టేటప్పుడు ఒక్కొక్క మనిషికి ముఖం పెట్టాలన్న ఆశ వదులుకోవాలి. గుంపులోని మనిషికి ఐదు కుట్లు సరిపోతాయి: తలకు ఒక ముడి కుట్టు (దారాన్ని సూదికి చుట్టి వేసే చిన్న ముడి), ఒంటికి ఒక మందపు నిలువు కుట్టు, కాళ్ళకు రెండు సన్నని కుట్లు, చేతికో సంచికో ఒకటి. కాళ్ళ కుట్లు రెండింటిలో ఒకదాన్ని పొట్టిగా, కొంచెం వాలుగా వేస్తే మనిషి నడుస్తాడు, రెండూ సమానంగా వేస్తే నిలబడతాడు. ఒంటి కుట్టును ముందుకు వంచితే తొందర కనిపిస్తుంది. ఈ ఐదు కుట్లనే ఒక విడి గుడ్డపై యాభైసార్లు వేసి చూడండి, ఆ యాభైమందిలో కనీసం పదిమంది మీకు తెలిసినవారిలా అనిపిస్తారు. ఆ పదిమందిని ఎలా వేశారో చూసుకొని చిత్రంలోకి తీసుకోండి.

చూపు ఆగిన వస్తువుకు వేరే లెక్క. నా పుస్తకంలోని నాలుగు వేళ్ళను కుట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఒకే పోగుతో, మూడు నాలుగు మిల్లీమీటర్ల కుట్లను ఒకదాని మధ్యలోకి ఒకటి చొప్పిస్తూ, వేలు ఎముక పొడవునా కుట్టు దిశను నడిపాను. కణుపు దగ్గర దిశ కొంచెం తిరగాలి, గోరు దగ్గర అడ్డంగా మారాలి. కమ్మీని గట్టిగా పట్టుకున్నప్పుడు కణుపుల మీద రక్తం తగ్గి చర్మం పాలిపోతుంది. అక్కడ లేత రంగు పోగులు ఆరేడు చేరగానే చేయి పట్టు బిగిసింది. ఆ నాలుగు వేళ్ళలో ఉన్నన్ని కుట్లు మిగతా బస్సు మొత్తంలో లేవు. సరిగ్గా అలాగే ఉండాలి.

దశ 8: ఖాళీ, నేపథ్యం, మాటలు

మొదటి దశలో భద్రపరిచిన చెరిగిపోయిన భాగాలను ఇప్పుడు తీసుకోండి. మీ పటంలో లేని ఆ దూరాలను బట్టపై ఖాళీగానే ఉంచాలి. ఖాళీ బట్ట చూసి పని పూర్తికాలేదని ఎవరైనా అనుకుంటారన్న భయంతో దాన్ని నింపవద్దు. మరీ బోసిగా అనిపిస్తే, బెంగాలులో బట్ట పొరలను కలిపి కుట్టే కాంథా పనిలో వలె, బట్ట రంగు దారంతోనే చిన్న చిన్న రన్నింగ్ కుట్లను (సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వేసే సాదా కుట్లను) వరుసలుగా వేయండి. దారం కనిపించదు, బట్ట మాత్రం అలలు అలలుగా ముడుచుకొని ఆ చోటుకు గాలి ఆడినట్లవుతుంది. ఆ వరుసలను చూపు ఆగిన వస్తువు చుట్టూ, నీటిలో రాయి వేసినప్పుడు లేచే వలయాల్లా నడిపితే చూసేవారి కన్ను దానంతట అదే లోపలికి వస్తుంది. వరుసలు మొదట రెండు మిల్లీమీటర్ల ఎడంతో, బయటికి పోయేకొద్దీ ఐదు, పది మిల్లీమీటర్ల ఎడంతో వేయాలి.

నగరంలో చప్పుళ్ళు కూడా చూపును తిప్పుతాయి. ఎవరో పిలిచారు, తల తిప్పాను, నన్ను కాదు. ఈ క్షణాన్ని చూపడానికి నేను వలయాల వరుసలలో ఒకదాన్ని హఠాత్తుగా పక్కకు వంచి, బట్ట అంచు దాకా తీసుకుపోయి అక్కడ ఆపాను. చాలామంది ఆ వంపు దగ్గర కాసేపు ఆగుతారు.

మాటలు కుట్టాలనుకుంటే బోర్డులపై చదివిన అక్షరాలను పూర్తిగా కుట్టవద్దు, కదిలే బస్సులోంచి ఎంత చదవగలిగామో అంతే కుట్టాలి. తెలుగు అక్షరాల గుండ్రాలకు ఒకటి రెండు పోగుల కాడ కుట్టు బాగా తిరుగుతుంది. ఒత్తులకూ గుడులకూ చోటు చాలాలంటే అక్షరం ఎత్తు కనీసం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండాలి.

దశ 9: ఎక్కడ ఆపాలి, ఎలా సరిచేయాలి

చిత్రాన్ని గోడకు గుచ్చి, మూడు రోజులు దాని ముందు నుంచి వస్తూ పోతూ ఉండండి. ప్రతిసారీ కన్ను ముందు ఎక్కడికి పోతోందో రాసుకోండి. పుస్తకంలో మీరు గీత గీసిన వస్తువు దగ్గరికి పోతుంటే పని అయినట్లే. వేరే చోటికి పోతుంటే అక్కడ తేడా ఎక్కువైందని అర్థం. ముఖ్యమైన చోట ఇంకా కుట్లు పెంచే ముందు, ఆ రెండో చోట కొన్ని విప్పి చూడండి. విప్పేటప్పుడు ముందువైపు నుంచి లాగకుండా, వెనుకవైపు కుట్లను కత్తెరతో తెంపి చిన్న ముక్కలుగా తీసేస్తే బట్ట దెబ్బతినదు, మిగిలిన రంధ్రాలు గోటితో రుద్ది తడిపితే మూసుకుంటాయి. ఆర్గంజాను మాత్రం విప్పలేము, దానిపై రంధ్రాలు అలాగే ఉండిపోతాయి.

దశ 10: తడపడం, తగిలించడం, భద్రపరచడం

చల్లని నీళ్ళలో గీతలు పోయేదాకా ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, మూలలు నిటారుగా ఉండేలా సరిచేసి బల్లపై పరిచి ఆరనివ్వాలి. గీతలు పూర్తిగా పోయాయని నిర్ధారించుకున్నాకే ఇస్త్రీ చేయండి. మందపాటి తువ్వాలు మీద చిత్రాన్ని బోర్లించి వెనుక నుంచి ఇస్త్రీ చేస్తే ముడి కుట్లు నలగవు.

వెనుక నూలు లైనింగు వేసి, పైభాగంలో సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు గల గుడ్డ గొట్టాన్ని అంచు పొడవునా కుట్టి, అందులోంచి చదునైన చెక్కపట్టీ దూర్చి తగిలించాలి. బరువు మొత్తం పొడవునా సమంగా పంచబడటం వల్ల మూలలు సాగవు. అద్దం బిగిస్తే బట్టను తాకకుండా ఎడం ఉంచండి. నేరుగా ఎండపడే గోడ పనికిరాదు. మ్యూజియంలు వస్త్రాలను 50 లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వంటి మందమైన వెలుగులో ఉంచడానికి కారణం, వెలుగు వల్ల పోయిన రంగును తిరిగి తెచ్చే ఉపాయం లేకపోవడమే. కొన్నాళ్ళు దాచవలసి వస్తే మడవవద్దు, శుభ్రమైన నూలు గుడ్డ చుట్టిన గొట్టంపై కుట్లు బయటికి ఉండేలా చుట్టండి.

లైనింగు మూలలో మీ పేరు, సంవత్సరంతో పాటు మరో రెండు వివరాలు కుట్టండి: ఆ రోజు మీరు ఏ గంటకు, కూడలికి ఏ వైపున నిలబడ్డారో. నా బస్సు చిత్రం వెనుక "సాయంత్రం 6:10, పడమటి వైపు, దీపస్తంభం పక్కన" అని ఉంది.